కల్కి సినిమాలో రైతు ఎక్కడ?

రైతు సంఘం పత్రికలో సినిమా ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చు. నాట్ల రోజుల్లో, రుణమాఫీ కాయితాల వెంట తిరుగుతున్న రోజుల్లో సినిమాలు చూసే తీరిక ఎక్కడిదని కోప్పడేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. కానీ మేము చూసిన ఒక సినిమా మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. దాని గురించి మాట్లాడుకుంటూ పోతే తిరిగి తిరిగి మన కాల్వ దగ్గరికి, మన ఫ్యాక్టరీ దగ్గరికి, మన విత్తనం దగ్గరికే వచ్చి ఆగింది. అందుకే రాస్తున్నాం.

2024 జూలై 18న రుణమాఫీ మొదటి విడత మొదలైంది గదా. లక్ష లోపు జాబితాలో మా ఊరివాళ్ళ పేర్లు కొన్ని వచ్చినయి, కొన్ని రాలేదు. రానివాళ్ళ పాస్ పుస్తకాలు, ఆధార్ జిరాక్సులు పట్టుకొని మేము ఐదుగురం నిజామాబాద్ పోయాం. ఒక ఆఫీసులో ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడ సోమవారం రమ్మన్నారు. మధ్యాహ్నానికే పని తెగిపోయింది. బయట వాన పట్టుకుంది. మాలో చిన్నవాడు, డిగ్రీ చదివి తండ్రితో కలిసి చెరుకు చేస్తున్న పిల్లగాడు, "కాకా, కల్కి ఇంకా ఆడుతున్నది, పోదాం పట్టు" అన్నాడు. మాలో ముగ్గురు థియేటర్‌లో కూర్చుని పదేళ్ళు దాటింది. సరే అని పోయాం.

మూడు గంటల సినిమా. బయటికొచ్చి బస్టాండులో చాయ్ తాగుతుంటే, మాలో పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "గిది ఎనిమిది వందల ఏండ్ల తర్వాత ముచ్చట అంటరేందిరా? గిది మన బోధన్ లెక్కనే ఉన్నది గదా" అన్నాడు. అందరం నవ్వినం. బస్సెక్కినాక నవ్వు రాలేదు.

కథ ఏమిటంటే

చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ' 2024 జూన్ 27న విడుదలైంది. కలియుగం మొదలై ఆరువేల ఏళ్ళయిన కాలంలో కథ జరుగుతుంది. క్రీస్తుపూర్వం 3102 నుంచి లెక్కేస్తే అది 2898కి వస్తుంది, పేరులో ఆ అంకె అందుకే. అప్పటికి లోకమంతా పాడైపోయి ఉంటుంది. కాశీ ఒక్కటే మిగిలిన నగరం. అందులో జనం దుమ్ములో, ఇనుప తుక్కులో బతుకుతుంటారు. వాళ్ళ నెత్తిమీద తిరగేసిన పిరమిడ్ లాంటి పెద్ద కట్టడం ఉంటుంది. దాని పేరు కాంప్లెక్స్. భూమ్మీద ఉన్న నీళ్ళు, పచ్చదనం, జీవాలు అన్నీ అందులోకే పోయాయి. దాన్ని ఏలేవాడు యాస్కిన్, కమల్ హాసన్ వేశాడు. ఇంకో పక్క శంభల అనే రహస్య చోటు ఉంటుంది. అక్కడ తిరగబడ్డవాళ్ళు దాక్కుని, పుట్టబోయే ఒక బిడ్డ కోసం ఎదురుచూస్తుంటారు. ఆ బిడ్డను మోస్తున్న తల్లి దీపికా పదుకొనే. ఆమెను కాపాడేది అమితాబ్ బచ్చన్ వేసిన అశ్వత్థామ. ఆమెను పట్టించి కాంప్లెక్స్ లోపలికి పోవాలని చూసేది ప్రభాస్ వేసిన భైరవ.

చెడిపోయిన రేపటిని చూపించే సినిమాలు తెలుగులో తక్కువ. మా ఈడువాళ్ళు 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' చూసి ఉంటారు. అందులో టైం మెషిన్ భవిష్యత్తులోకి పోయినప్పుడు, యుద్ధం తర్వాత భూమిపైన బతకలేక మనుషులు భూమి లోపల ఉంటారు. అప్పుడు మేము దాన్ని వింతగా చూసి వచ్చాం. కల్కి చూసినప్పుడు అట్ల అనిపించలేదు. మాకు వయసు పెరిగిందో, కాలమే ఆ దిక్కు నడిచిందో.

ఫైటింగులు ఎక్కువ, కారు మాటలు ఎక్కువ, మొదటి గంట సాగదీసినట్టు ఉంది. ఆ లోపాలు ఉన్నా మేము ఈ సినిమాను మెచ్చుకుంటున్నాం. వందల కోట్లు పెట్టి తీసిన పెద్ద హీరో సినిమాలో నీళ్ళు ఎవరివి, ఎవరు తీసుకుపోయారు అనే మాట పెట్టడం చిన్న విషయం కాదు.

ఎండిన గంగ, ఎండిన మంజీర

సినిమాలో కాశీ ఉంది, గంగ లేదు. మనకు కాశీ దూరం, కందకుర్తి దగ్గర. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోటది. మన ఇళ్ళల్లో ఎవరు పోయినా బూడిద కలిపేది అక్కడే. ఎండలు ముదిరినప్పుడు అక్కడికి పోయినవాళ్ళకు తెలుసు, నది నడుమ ఉన్న పాత శివాలయం దాకా ఇసుకలో నడిచే పోవచ్చు. తెర మీద ఎండిన గంగను చూసినప్పుడు మా కళ్ళ ముందు మెదిలింది ఆ ఇసుకే.

మంజీర కథ మన పిల్లలకు చెప్పాలి. 1923లో మొదలుపెట్టి 1931లో నిజాంసాగర్ పూర్తి చేశారు. అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు చేసిన పని అది. 2.75 లక్షల ఎకరాలకు నీళ్ళు పారాలని కట్టారు. ఆ నీళ్ళను నమ్ముకునే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. నీళ్ళుంటే చెరుకు, చెరుకుంటే ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ ఉంటే శక్కర్‌నగర్ అనే ఊరు, దాని బడి, దాని దవాఖాన, దాని అంగడి. అన్నీ ఒకే నీటి దారానికి గుచ్చిన పూసలు.

నిజాంసాగర్ మొదట 29.7 టీఎంసీలు పట్టేది. పూడిక నిండి 17.8 టీఎంసీలకు వచ్చింది. పైన సింగూరు వచ్చింది, అక్కడి నీళ్ళు హైదరాబాద్ తాగునీటికి పోయినయి. 2015, 16 కరువులో సింగూరు అడుగంటింది, నిజాంసాగర్ కూడా అడుగంటింది. నగరానికి అప్పుడు కృష్ణ నుంచి, గోదావరి నుంచి పైపుల్లో నీళ్ళు అందినయి. కాల్వ చివరన ఉన్న రైతుకు ఏ పైపూ రాలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. హైదరాబాద్ జనం నీళ్ళు తాగొద్దని మేము అనం. అక్కడ ఉన్నది మన పిల్లలే, మన ఊళ్ళ నుంచి పోయి కూలి చేసుకునేవాళ్ళే. దాహానికి నీళ్ళియ్యడం మన ధర్మం. మా తగువు వేరే. కరువొచ్చినప్పుడు కోత ఎవరితో మొదలవుతుంది? ఎప్పుడూ కాల్వ చివరి వాడితోనే. సినిమాలో కాంప్లెక్స్ ఒక్కరోజులో గంగను తాగి ఉండదు. ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం, ప్రతిసారీ ఏదో ఒక కారణం చెప్పే తాగి ఉంటుంది. కింద ఉన్నవాళ్ళు ప్రతిసారీ "ఈ ఒక్క ఏడాదే గదా" అనుకొని ఉంటారు. మనం అనుకున్నట్టే.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. కాల్వలో నీళ్ళు రాకపోతే బోరు వేసినం. ఆ బోరు ఎండితే పక్కన ఇంకొకటి ఇంకా లోతుకు వేసినం. పక్క రైతు బావి ఎండితే మనకు పట్టలేదు. పొలానికి పొలం మధ్య మనం కూడా చిన్న చిన్న కాంప్లెక్సులం అయినం. సినిమా చూసి యాస్కిన్‌ను తిట్టుడు సులువు, మోటార్ స్విచ్ దగ్గర నిలబడి ఈ మాట అనుకోవడం కష్టం.

యూనిట్ల లెక్క

సినిమాలో మాకు బాగా గుచ్చుకున్నది భైరవ పాత్ర. అతను చెడ్డవాడు కాదు. అద్దె బాకీ ఉన్న మామూలు మనిషి. బాకీ అడిగే ఇంటి ఓనరుగా బ్రహ్మానందం వస్తే థియేటరంతా నవ్వింది, మేమూ నవ్వినం. ఆ కాశీలో డబ్బులకు బదులు యూనిట్లు నడుస్తయి. పది లక్షల యూనిట్లు కూడబెడితే కాంప్లెక్స్ లోపలికి రానిస్తారు. భైరవ బతుకంతా ఆ యూనిట్ల కోసమే. ఒక గర్భిణిని పట్టిస్తే లోపలికి పంపిస్తామంటే ఆమె వెంట పడతాడు. కాంప్లెక్స్ ఎందుకట్ల ఉంది, నీళ్ళన్నీ అక్కడెందుకు ఉన్నయి అని అతను అడగడు. తను లోపలికి పోతే చాలు.

కాంప్లెక్స్‌ను నిలబెట్టేది దాని తుపాకులు మాత్రమే కాదు, దాని గేటు ముందు వరుస కట్టిన జనం ఆశ కూడా. సినిమాలో మాకు దొరికిన పెద్ద మాట ఇదే.

మన దిక్కు ఆ వరుస లేని ఊరు ఉందా? ఎకరం అమ్మి గల్ఫ్ వీసాకు కట్టినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. దుబాయ్ గాజు మేడలు కట్టింది వీళ్ళే, అందులో కూర్చునేది వేరేవాళ్ళు. ఎడారి క్యాంపుల్లో ఒక్క గదిలో పదిమంది పండుకొని, రెండేళ్ళకోసారి సెంటు సీసాలతో వచ్చి, మళ్ళీ అదే వరుసలో నిలబడతారు. ఇంకో ఎకరం పిల్లల కోచింగ్ ఫీజుకు పోతుంది. "నువ్వు నాలాగ మట్టిల పడొద్దు బిడ్డా" అని మనమే చెప్తున్నం. చెప్పొద్దని మేము అనడం లేదు, మేము కూడా చెప్పినవాళ్ళమే. కానీ ఊరంతా ఎవరికి వారు యూనిట్లు లెక్కపెట్టుకుంటుంటే, నీళ్ళ గురించి అడిగే మనిషి ఊళ్ళో మిగలడు.

ఆ రోజు మేము పట్టుకుపోయిన జాబితా కూడా అదే నేర్పింది. పేరు వచ్చినవాడు పండుగ చేసుకున్నాడు, రానివాడు వచ్చినవాడిని చూసి మండిపడ్డాడు. ఒక్కటే బ్యాంకు, ఒక్కటే కరువు, ఒక్కటే కాంటాలో మోసపోయిన ఇద్దరు రైతులు ఒక కాయితంతో విడిపోయారు.

కడుపు ఒకరిది, పంట ఇంకొకరిది

కాంప్లెక్స్‌లో ఆడవాళ్ళను బంధించి, వాళ్ళకు పేర్లు తీసేసి నంబర్లు పెట్టి, గర్భంలోని సారాన్ని తీసి యాస్కిన్‌కు ఎక్కిస్తారు. చూడలేకపోయాం. మాలో ఒకాయన తల దించుకున్నాడు. అది ఆడబిడ్డలకు జరిగే అన్యాయం గురించిన దృశ్యం, ముందు దాన్ని అట్లనే చూడాలి. అయితే దానితో పాటు మాకు ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది.

ఆర్మూర్, అంకాపూర్ దిక్కు విత్తన పంటలు వేయడంలో మన రైతులను మించినవాళ్ళు లేరు. ఎర్రజొన్న ఇక్కడ పండితే ఉత్తరాది దాకా విత్తనంగా పోతుంది. మన భూమి, మన నీళ్ళు, మన చెమట. కానీ విత్తనం ఇచ్చేది వాళ్ళు, కొనేది వాళ్ళు, ధర చెప్పేది వాళ్ళు. మాలో ఒక రైతు ఒక వ్యాపారితో నోటిమాట ఒప్పందం మీద పంట వేశాడు. కోత అయ్యేసరికి ధర సగానికి దింపారు. వేరే వాళ్ళకు అమ్ముదామంటే కొనేవాడు లేడు, తిందామంటే తినే రకం కాదు. కల్లంలో కుప్ప పోసుకొని నెల రోజులు కాపలా కాశాడు. "కడుపు నాది, బిడ్డ వాళ్ళది" అని అతను ఆనాడు అన్న మాట మాకు సినిమాలో మళ్ళీ వినబడింది.

2018 ఫిబ్రవరిలో ఎర్రజొన్న, పసుపు రైతులు ఆర్మూర్‌లో రోడ్డెక్కింది ఇందుకే. 144 సెక్షన్ పెట్టినా రైతులు కదలకుండా కూర్చున్నారు. ఆ కూర్చున్న జనంలో మేమూ ఉన్నాం.

రైతు లేని లోకం

ఇప్పుడు మా ఫిర్యాదు. మూడు గంటల సినిమాలో పేరున్న పాత్రలు డజనుకు పైగా ఉన్నయి. వేటగాడు, సైనికుడు, దొంగ, రాజు, తిరుగుబాటుదారు, మాట్లాడే కారు. నాగలి పట్టినవాడు ఒక్కడు లేడు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత రైతు ఏమైపోయాడో సినిమా చెప్పదు. చచ్చిపోయాడా, కాంప్లెక్స్‌లో కూలీ అయ్యాడా, తుక్కు ఏరుకుంటున్నాడా? అది అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. మాకు భయం వేసింది అక్కడే. తీసినవాళ్ళు చెడ్డ మనసుతో వదిలేశారని కాదు. రైతు లేని రేపటిని ఊహించుకోవడం చదువుకున్నవాళ్ళకు ఎంత మామూలైపోయిందో అది చెప్తుంది.

మా పిల్లగాడు తర్వాత ఫోన్‌లో ఒక ఇంగ్లీషు సినిమా చూపించి కథ చెప్పాడు. 2014లో క్రిస్టఫర్ నోలన్ తీసిన 'ఇంటర్‌స్టెల్లార్'. అందులో హీరోయే రైతు, మక్కజొన్న వేస్తాడు. తెగులు వచ్చి గోధుమ పోయింది. ఆ ఏడాది బెండ కూడా ఆఖరి కోత అని చెప్తారు. మిగిలింది మక్క ఒక్కటే. ఊరంతా దుమ్ము తుఫాన్లు. ఆ సినిమా మొదట్లో ముసలివాళ్ళు దుమ్ము గురించి చెప్పే మాటలు కొన్ని కల్పన కావట. 1930లలో అమెరికా మైదానాల్లో గడ్డి భూములన్నీ దున్నేసి, కరువు వచ్చినప్పుడు మట్టి గాలికి లేచిపోతే, ఆ దుమ్ములో బతికినవాళ్ళు చెప్పిన మాటలవి.

ఒకే పంట మీద పడిపోయిన నేల ఎట్లుంటదో మనకు చెప్పే పని లేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు పొలాలు వరి మడులైనయి. చుట్టూ చూస్తే వరి, మళ్ళీ వరి. కొయ్యకాళ్ళకు నిప్పు పెడుతున్నం. పెసర, నువ్వు, కంది గట్ల మీది నుంచి కూడా పోయినయి. బెండకాయ ఆఖరి కోత అన్న మాట విని మాలో ఎవరం నవ్వలేదు.

ఇంకొంచెం పాతది, 1973లో వచ్చిన 'సాయిలెంట్ గ్రీన్' అనే సినిమా ఉంది. అది ఊహించిన ఏడు 2022. జనం తయారుచేసిన బిళ్ళలు తిని బతుకుతుంటారు. అసలైన కూరగాయ, పండు, మాంసం డబ్బున్నవాళ్ళకే. ఆ 2022 వచ్చింది, పోయింది కూడా. బిళ్ళలు రాలేదు నిజమే. కానీ రసాయనం లేని కూరగాయ, దేశీ ఆవు నెయ్యి, గానుగ నూనె ఎవరింటికి పోతున్నయో పట్నంలో ధర బోర్డు చూస్తే తెలుస్తుంది. పండించిన ఇంట్లో మాత్రం పామాయిల్ ప్యాకెట్టు.

అవతారం కోసం ఎదురుచూపు

సినిమాలో శంభల జనం తరాలుగా ఒక తల్లి కోసం, ఆమె కడుపులోని దేవుడి కోసం చూస్తుంటారు. కథకు అది అందమే. పురాణాన్ని, రాబోయే కాలాన్ని కలిపిన తీరు మెచ్చుకోవాల్సిందే. కానీ రైతులుగా ఆ ఎదురుచూపు మాకు బాగా తెలిసినది, అందుకే అది మమ్మల్ని భయపెట్టింది.

బోధన్ ఫ్యాక్టరీ కథ చూడండి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడూ మూతపడ్డయి. అప్పటి నుంచి ప్రతి ఎన్నికకూ ఒక అవతారం వస్తున్నది. మేమొస్తే తెరుస్తం అంటారు. దండలు పడతయి. 2024 జనవరిలో కూడా ప్రభుత్వం పునరుద్ధరణకు కమిటీ వేసింది. తెరిస్తే సంతోషమే, మేమే స్వాగతం చెప్తం. కానీ మూతపడ్డ ఏళ్ళలో చెరుకు రైతు ఏం చేశాడు? దూరపు ఫ్యాక్టరీలకు లారీ కిరాయి కట్టి తోలాడు, లేదా చెరుకు దున్నేశాడు. శక్కర్‌నగర్ క్వార్టర్లలో గోడల మీద రావి మొక్కలు మొలిచినయి. పనిచేసినవాళ్ళలో కొందరు జీతం బకాయి చూడకుండానే పోయారు. సినిమావాళ్ళు పాడైన కాశీ కోసం పెద్ద సెట్టు వేశారు. మనకు సెట్టు అక్కరలేదు, గేటు దాకా పోతే చాలు.

దీనికి ఎదురుగా ఇంకో సంగతి పెట్టి చూడండి. 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది అభ్యర్థులు నిలబడ్డారు. అందులో 170 మందికి పైగా రైతులు. పసుపుకు బోర్డు కావాలి, పసుపుకు ఎర్రజొన్నకు ధర కావాలి అని తలా ఇంత చందా వేసుకొని నామినేషన్ కట్టారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. దేశమంతా నిజామాబాద్ వైపు చూసింది. మనవాళ్ళెవరూ గెలవలేదు. కానీ ఆ తర్వాత ఏ పార్టీ కూడా పసుపు మాట ఎత్తకుండా ఈ జిల్లాలో ఓటు అడగలేకపోయింది. 2023 అక్టోబరులో బోర్డు ప్రకటన వచ్చింది. ప్రకటన పొలంలోకి వచ్చేదాకా ఇంకా కొట్లాడాలి, అది వేరే ముచ్చట. మేము చెప్పేది, ఆ ప్రకటన ఆకాశం నుంచి దిగిరాలేదు. నూటా డెబ్బై మంది మామూలు మనుషులు క్యూలో నిలబడి తెచ్చినది. అందులో ఒక్కరికీ వరాలు లేవు, విల్లు లేదు, మాట్లాడే కారు అసలే లేదు.

సినిమా అశ్వత్థామను చూసి మేమూ చప్పట్లు కొట్టినం. కానీ మాకు మనసులో నిలిచింది శంభలలో పేరు కూడా తెలియకుండా కాపలా కాసిన మామూలు జనమే. వాళ్ళే లేకపోతే అవతారం పుట్టేదాకా ఆ తల్లి బతికేదే కాదు.

మరి మనం ఏం చేద్దాం

ఇట్లాంటి చేదు సినిమాలు ఎందుకు చూడాలని మా ఇంటి ఆడవాళ్ళు అడిగారు, ఉన్న కష్టం చాలదా అని. మా జవాబు ఇది. వానాకాలం ముందు పెద్దమనిషి చేను గట్టు మీద నిలబడి, ఈ గండి ఇప్పుడు పూడ్చకపోతే ఆశాఢంలో మడి కొట్టుకుపోతది అంటాడు. అతను కీడు కోరి అనడు. గండి చిన్నగా ఉన్నప్పుడే చూపిస్తాడు. మంచి చేదు సినిమా కూడా ఆ పెద్దమనిషి లాంటిదే. పూడ్చే పని మాత్రం సినిమాది కాదు, మనది.

మా మండల కమిటీలో మూడు మాటలు అనుకున్నం, మిగతా కమిటీలు కూడా ఆలోచించాలని కోరుతున్నం.

ఒకటి, ప్రతి డిస్ట్రిబ్యూటరీ కింద చివరి పది మంది రైతుల పేర్లు, వాళ్ళకు ఏ తేదీన నీళ్ళు అందినయి, ఎన్ని తడులు అందినయి అనేది ఒక నోటుబుక్కులో రాసిపెట్టాలి. రేపు నీటి పంపకాల మీద మాట్లాడేటప్పుడు కన్నీళ్ళతో పాటు లెక్క కూడా ఉండాలి.

రెండు, విత్తన పంట ఒప్పందం నోటిమాట మీద ఎవరూ చేయొద్దు. కాయితం మీద ధర, కొనే తేదీ రాయించుకోవాలి. ఒక్కడు అడిగితే వ్యాపారి పక్క ఊరికి పోతాడు. అన్ని ఊళ్ళు అడిగితే ఎక్కడికి పోతాడు?

మూడు, ఫ్యాక్టరీ కమిటీ ముందుకు చెరుకు రైతులే తమ లెక్కతో పోవాలి. తెరిస్తే ఎవరు ఎన్ని ఎకరాలు వేస్తారు, ఏ ధరకు, ఎన్ని రోజుల్లో డబ్బులు పడాలి, పాత కార్మికుల బకాయి ఏమిటి. తెరవమని అడగడం చాలా ఏళ్ళు అడిగినం, ఇక ఎట్ల తెరవాలో కూడా మనమే చెప్పాలి.

ఇంకొకటి చిన్న కోరిక. ఈ సినిమాను ఊళ్ళో సంఘం ఆఫీసు దగ్గర ఒకరోజు రాత్రి పిల్లలతో కలిసి చూడండి. అయిపోయాక వెంటనే లేచి పోకండి. "ఇందులో రైతు ఎక్కడున్నాడు?" అని పిల్లలను అడగండి. మేము అడిగితే మా పెద్దాయన మనవరాలు, ఎనిమిదో తరగతి పిల్ల, కొంచెంసేపు ఆలోచించి "సినిమా మొదలు కాకముందే పోయిండేమో తాతా" అన్నది.

ఆ మాటకు జవాబు మా దగ్గర ఇంకా లేదు. కాల్వ చివరి పొలంలో ఈ యాసంగికి నీళ్ళు పారిస్తే అదే జవాబు అవుతుంది. ఆ పని మీద మా కమిటీ వచ్చే ఆదివారం కూర్చుంటున్నది. మీ ఊళ్ళలో కూడా కూర్చోండి.